రాత్రి రైలు ప్రయాణానికి ముందూ వెనుకా పగటిపూట హోటల్ గది చూసుకోవడం ఎలా?

రాత్రి రైళ్లలో చాలావరకు రాత్రి 8 నుంచి 11 గంటల మధ్య బయలుదేరి, తెల్లవారుజామున 5 నుంచి ఉదయం 8 గంటల మధ్య గమ్యం చేరుస్తాయి. హోటళ్లేమో సాధారణంగా మధ్యాహ్నం 2 లేదా 3 గంటలకు గది ఇచ్చి, మరునాడు 11 లేదా 12 గంటలకు ఖాళీ చేయమంటాయి. ఈ రెండు వేళలకూ పొత్తు కుదరదు. అందువల్ల రైలు దిగినవారు ఉదయమంతా, రైలు ఎక్కవలసినవారు సాయంత్రమంతా లగేజి పక్కన పెట్టుకుని ఎక్కడో ఒకచోట కూర్చోవలసి వస్తుంది. ఈ ఖాళీని పూడ్చడానికి పగటిపూట కొన్ని గంటలకు మాత్రమే గదిని ఇచ్చే పద్ధతి హోటళ్లలో ఉంది. దీన్ని చాలాచోట్ల డే యూజ్ అంటారు. అయితే మామూలు బుకింగ్ సైట్లలో ఇది కనిపించదు కనుక, దానిని రాబట్టుకోవడానికి కొంత పద్ధతి తెలిసి ఉండాలి.

ముందుగా గంటలు లెక్కవేసుకోండి

హోటల్ వెతకడం మొదలుపెట్టే ముందు, మీకు గది ఏ గంట నుంచి ఏ గంట వరకు కావాలో కాగితం మీద రాసుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, ఆ తరువాత వచ్చే నిర్ణయాలన్నీ దీని మీదే నిలుస్తాయి. రైలు ఉదయం 6.10కి చేరుతుందనుకుందాం. దిగి, స్టేషన్ బయటికి వచ్చి, హోటల్ చేరేసరికి 6.45 అవుతుంది. 11 గంటలకు మీకు మొదటి పని ఉంది, అక్కడికి వెళ్లడానికి 40 నిమిషాలు పడుతుంది. అంటే గది మీ చేతిలో ఉండేది 6.45 నుంచి 10.20 వరకు, సుమారు మూడున్నర గంటలు. అందులో స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి, అల్పాహారానికి ఒక గంట తీసేస్తే నిద్రకు మిగిలేది రెండున్నర గంటలు. మనిషి నిద్రలో ఒక ఆవృత్తి సుమారు 90 నిమిషాలు ఉంటుంది కాబట్టి, రెండున్నర గంటల్లో ఒక పూర్తి ఆవృత్తి హాయిగా ఇమిడిపోతుంది. ఇంతమాత్రం సమయం దొరికితే గది తీసుకోవడంలో అర్థం ఉంది. లెక్క వేశాక నిద్రకు గంట కూడా మిగలకపోతే మీకు కావలసింది స్నానానికి చోటు మాత్రమే. దానికి గది డబ్బు పెట్టనక్కర్లేదు, దాని సంగతి కింద చెబుతాను.

లెక్క వేసేటప్పుడు తేదీ దగ్గర చాలామంది తడబడతారు. టికెట్టు మీద 15వ తేదీ 00.20 అని ఉంటే, రైలు ఎక్కవలసింది 14వ తేదీ రాత్రి భోజనం చేశాక. కాబట్టి సాయంత్రం విశ్రాంతికి గది 14వ తేదీకే తీసుకోవాలి. 15వ తేదీకి తీసుకున్నవారు రైలు వెళ్లిపోయిన తరువాత హోటల్‌కు వెళ్లినట్టవుతుంది. అర్ధరాత్రి దాటాక బయలుదేరే లేదా చేరే రైళ్ల విషయంలో తేదీతోపాటు వారం పేరు కూడా పక్కన రాసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ప్రయాణం కాలమండలాలు దాటేదైతే, టికెట్టు మీద ఉన్న వేళ ఏ ఊరి గడియారం ప్రకారమో చూసుకోండి. రష్యాలో 2018 ఆగస్టు వరకు దూరప్రయాణపు టికెట్ల మీద, దేశంలో ఏ మూలకు వెళ్లినా, మాస్కో సమయమే అచ్చయ్యేది. ఆ తరువాతే స్థానిక సమయం వేయడం మొదలుపెట్టారు. పాత సలహాలు చదివి వెళ్లేవారు ఇప్పటికీ దీనివల్ల తికమకపడే అవకాశం ఉంది. వేసవికీ చలికాలానికీ గడియారాలను ఒక గంట అటూ ఇటూ జరిపే దేశాల్లో, అలా జరిపే రాత్రి ప్రయాణించేవారికి ఇంకో సంగతి. అమెరికాలోని ఆమ్‌ట్రాక్ రైళ్లు, గడియారం గంట వెనక్కి జరిపే రాత్రి, పట్టికలోని వేళకంటే ముందు వెళ్లకుండా దారిలో ఒక గంట ఆగుతాయి. గంట ముందుకు జరిపే రాత్రి మాత్రం ఆ గంట ఆలస్యంగా నడుస్తూ, వీలైనంత పూడ్చుకుంటాయి.

ఉదయపు ఖాళీ వేరు, సాయంత్రపు ఖాళీ వేరు

ఈ రెండింటికీ ఒకే ఉపాయం పనిచేయదు. దీనికి కారణం హోటల్ లోపలి పనితీరులో ఉంది. ఉదయం 6.30కి మీరు రిసెప్షన్ ముందు నిలబడినప్పుడు, నిన్న రాత్రి దిగినవారు ఇంకా గదుల్లో నిద్రపోతూ ఉంటారు. ఆ వేళకు మీకు ఇవ్వగలిగే గది ఒక్కటే, నిన్న రాత్రి ఎవరూ దిగక ఖాళీగా మిగిలిపోయిన గది. హోటల్ నిండి ఉంటే, ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ గది ఉండదు. మరోవైపు, ఉదయం 10, 11 గంటలు దాటితే గదులు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి, హౌస్‌కీపింగ్ వాళ్లు శుభ్రం చేస్తారు, ఆ రాత్రికి వచ్చేవారు సాయంత్రానికి గాని రారు. ఆ మధ్య గంటల్లో శుభ్రంగా ఉండి, ఖాళీగా ఉన్న గదులనే హోటళ్లు పగటిపూట ధరకు ఇస్తాయి. అందుకే పగటి గదుల వేళలు ఎక్కువచోట్ల ఉదయం 9, 10 గంటల నుంచి సాయంత్రం 5, 6 గంటల వరకు ఉంటాయి.

దీన్నిబట్టి, రాత్రి రైలు ఎక్కబోయేవారికి పగటి గది సులువుగా దొరుకుతుంది, రాత్రి రైలు దిగినవారికి కష్టంగా దొరుకుతుంది. దిగినవారు అడగవలసిన ప్రశ్న కూడా దీనినుంచే వస్తుంది. నిన్న రాత్రి మీ హోటల్ నిండిందా అన్నదే ఆ ప్రశ్న. వ్యాపార పనుల మీద వచ్చేవారు దిగే హోటళ్లు సాధారణంగా ఆదివారం రాత్రి ఖాళీగా ఉంటాయి కాబట్టి, సోమవారం ఉదయం దిగినవారికి అక్కడ గది దొరికే అవకాశం ఎక్కువ. విహారయాత్రికులు దిగే హోటళ్లలో శని, ఆదివారాల ఉదయాలు దాదాపు ఆశ వదులుకోవలసినవే. ప్రయాణపు రోజును మార్చుకునే వీలు ఉన్నవారు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఏ పద్ధతిలో గది తీసుకోవాలి?

మొదటిది, నేరుగా పగటిపూట ధరకు తీసుకోవడం. ఇది నిర్ణీత వేళల మధ్య ఇస్తారు, మీ ఇష్టం వచ్చిన గంటకు కాదు. రెండవది, గంటల లెక్కన తీసుకోవడం. 2010లో ఫ్రాన్స్‌లో మొదలైన డేయూజ్ అనే సైట్ పగటి గదులనే ప్రత్యేకంగా అమ్ముతుంది. బార్సిలోనాలో మొదలైన బైఅవర్స్ 3, 6, 12 గంటల చొప్పున గదులు చూపిస్తుంది. భారత్‌లో బ్రెవిస్టే ఇదే రకంగా తక్కువ గంటల బుకింగులు ఇస్తుంది. ఇలాంటి సైట్లలో చూసేటప్పుడు, గంటలు మీరు గదిలోకి అడుగుపెట్టినప్పటి నుంచి మొదలవుతాయా, లేక బుకింగులో రాసిన వేళ నుంచే మొదలవుతాయా అన్నది తప్పక చదవండి. రైలు గంట ఆలస్యమైతే మొదటి రకంలో మీకు నష్టం లేదు, రెండవ రకంలో మూడు గంటల గది రెండు గంటల గదిగా మారిపోతుంది.

మూడవది, ఆ రాత్రి కూడా అదే ఊళ్లో ఉండేవారికి పనికొచ్చేది, ముందస్తు చెక్-ఇన్. ఆ రాత్రికి గది బుక్ చేసుకుని, ఉదయమే ఇవ్వమని అడగడం ఇది. కొన్ని హోటళ్లు ఉచితంగా ఇస్తాయి, కొన్ని సగం రోజు అద్దె అడుగుతాయి, ఎక్కువ హోటళ్లు ముందుగా మాట ఇవ్వకుండా ఉంటే చూస్తామంటాయి. ఉంటే చూస్తామన్న మాట మీద ఆధారపడి రాత్రంతా ప్రయాణం చేయడం నాకు సమ్మతం కాదు. పిల్లలతోనో, పెద్దవాళ్లతోనో ప్రయాణించేవారు అసలు ఆ మాట మీద నమ్మకం పెట్టుకోకూడదు.

నాలుగవ పద్ధతి ఖర్చుతో కూడుకున్నదే గాని, ఉదయం పూట గది ఖాయంగా కావాలంటే దీనిని మించినది లేదు. ముందు రోజు రాత్రికే గది బుక్ చేయడం అది. 12వ తేదీ ఉదయం 6.30కి దిగేవారు 11వ తేదీ రాత్రికి గది తీసుకుంటారు. గది రాత్రంతా మీ పేరు మీద ఖాళీగా ఉంటుంది, దిగగానే తాళం చేతికి వస్తుంది, మధ్యాహ్నం వరకు ఉండవచ్చు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. 11వ తేదీ రాత్రి మీరు రాకపోయేసరికి, ఈ మనిషి రాడని రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీ బుకింగును రద్దు చేయవచ్చు. డబ్బు తిరిగి రాదు, గది ఇంకొకరికి వెళ్లిపోతుంది. రెండు రాత్రులకు కలిపి బుక్ చేసి ఉంటే, మొదటి రాత్రి రాలేదని రెండో రాత్రి బుకింగు కూడా రద్దయ్యే అవకాశం ఉంది. కాబట్టి బుక్ చేసిన వెంటనే ఒకసారి, ప్రయాణపు రోజు సాయంత్రం రైలెక్కే ముందు ఇంకోసారి హోటల్‌కు చెప్పాలి. ఆలస్యంగా వస్తామని చెబితే చాలదు, రాత్రి 11 గంటలకు వస్తారని వాళ్లు అనుకుంటారు. ఫలానా తేదీ ఉదయం ఫలానా గంటకు చేరుతామని తేదీతో సహా చెప్పాలి, దానికి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

అయిదవది, రాత్రి రైలు ఎక్కేవారికి, చెక్-అవుట్‌ను పొడిగించుకోవడం. మీరు ఇప్పటికే ఆ హోటల్లో ఉంటే, కొత్తగా ఇంకో హోటల్‌లో పగటి గది తీసుకోవడం కంటే ఇదే నయం. సామాను సర్దే పని ఒకసారితో పోతుంది. చివరి రోజు ఉదయం అడగకండి, ముందురోజు సాయంత్రమే అడగండి, ఎందుకంటే మరునాటి గదుల కేటాయింపు ఆ వేళకే చూసుకుంటారు. భారత్‌లో కొన్ని హోటళ్లు 24 గంటల చెక్-అవుట్ పద్ధతి పాటిస్తాయి. ఏ గంటకు దిగితే మరునాడు ఆ గంటకే ఖాళీ చేయవచ్చు. రాత్రి రైలు వాళ్లకు ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు లేదు కనుక, బుక్ చేసేటప్పుడు ఈ పద్ధతి ఉందేమో అడిగి చూడండి.

ఎక్కడ వెతకాలి?

మామూలు బుకింగ్ సైట్లు చెక్-ఇన్ తేదీ, చెక్-అవుట్ తేదీ వేరువేరుగా అడుగుతాయి. రెండూ ఒకే తేదీ పెడితే అంగీకరించవు. అందువల్ల పగటి గది కోసం ఆ సైట్లను నేరుగా బుకింగుకు వాడలేరు గాని, స్టేషన్‌కు దగ్గరలో ఏయే హోటళ్లు ఉన్నాయి, వాటి గురించి దిగినవాళ్లు ఏం రాశారు అన్నది తెలుసుకోవడానికి అవి బాగా పనికివస్తాయి. మ్యాపులో స్టేషన్‌ను మధ్యలో పెట్టుకుని, సామానుతో పది, పన్నెండు నిమిషాల్లో నడవగలిగిన హోటళ్లను నాలుగైదు గుర్తించుకోండి. తరువాత వాటికి ఫోన్ చేయండి.

స్టేషన్ అన్నప్పుడు ఏ స్టేషన్ అన్నది చూసుకోవాలి. పెద్ద నగరాలకు ఒకటికంటే ఎక్కువ స్టేషన్లు ఉంటాయి, రాత్రి రైలు వాటిలో ఏదో ఒకదాని నుంచే బయలుదేరుతుంది. లండన్‌లో స్కాట్లాండ్ వెళ్లే కలెడోనియన్ స్లీపర్ యూస్టన్ నుంచి బయలుదేరుతుంది, కార్న్‌వాల్ వెళ్లే నైట్ రివియెరా ప్యాడింగ్టన్ నుంచి బయలుదేరుతుంది. ఒకదాని దగ్గర గది తీసుకుని ఇంకోదానికి వెళ్లవలసి వస్తే, విశ్రాంతి తీసుకున్నదంతా రోడ్డు మీదే పోతుంది. ఒక స్టేషన్‌లో దిగి, అదే రోజు రాత్రి ఇంకో స్టేషన్‌లో ఎక్కేవారు మాత్రం ఎక్కవలసిన స్టేషన్ దగ్గరే గది తీసుకోవాలి. ఉదయం ఆలస్యమైతే నష్టపోయేది కొంత నిద్ర, రాత్రి ఆలస్యమైతే నష్టపోయేది రైలు.

స్టేషన్‌కు మరీ ఆనుకుని ఉన్న హోటళ్ల విషయంలో నాకు కొంత సందేహమే. రాత్రి పూట అంతగా తెలియని శబ్దాలు, అంటే ప్రకటనలు, బస్సుల హారన్లు, సరుకు దించే లారీలు, పగటిపూట ఆ వీధుల్లో మొదలవుతాయి. ఒక వీధి వెనక్కి వెళితే ధర తగ్గకపోయినా నిద్ర బాగుంటుంది.

ఫోన్‌లో ఏం అడగాలి?

గది ఉందా అని అడిగితే రాత్రికి గది అనుకుని జవాబు చెబుతారు. గంటలతో మొదలుపెట్టండి. సంభాషణ సుమారుగా ఇలా సాగాలి.

“నమస్కారమండీ. శుక్రవారం 14వ తేదీ ఉదయం 11 గంటల నుంచి సాయంత్రం 7 గంటల వరకు ఇద్దరికి గది కావాలి. రాత్రికి ఉండం, 9 గంటలకు మాకు రైలు ఉంది. పగటిపూట రేటు ఏమైనా ఉందా?”

“పగటి రేటు 5 గంటల వరకేనండీ.”

“7 వరకు ఉంటే ఎంత అవుతుంది? పూర్తి రోజు అద్దె పడుతుందా, గంటకు ఇంత అని ఉందా?”

ఈ రెండో ప్రశ్నే అసలైనది. కొన్ని హోటళ్లలో 5 దాటితే పూర్తి రోజు అద్దె పడుతుంది, కొన్నింట్లో మిగిలిన గంటలకు కొంత కలుపుతారు. పూర్తి రోజు అద్దె పడేటట్టయితే, 5 గంటలకే గది ఖాళీ చేసి, సామాను రిసెప్షన్‌లో పెట్టి, లాబీలోనో బయటో రెండు గంటలు గడపడం తెలివైన పని. అలా కూర్చోనిస్తారా అని ఆ ఫోన్‌లోనే అడిగేయండి.

ఉదయం దిగేవారు ఇంకో ప్రశ్న వేయాలి. “ఉదయం 6.45కి వస్తే వెంటనే గది ఇవ్వగలరా, లేక ఖాళీ అయ్యేవరకు కూర్చోవాలా?” అని సూటిగా అడగండి. వెంటనే ఇవ్వలేమంటే, కనీసం స్నానానికి ఒక గది తెరుస్తారేమో అడగండి. ఈత కొలను, జిమ్ ఉన్న హోటళ్లలో అక్కడి స్నానపు గదులను, గది సిద్ధమయ్యేలోగా, అతిథులకు వాడుకోనివ్వడం తరచు జరుగుతుంది.

రిసెప్షన్‌లో ఎవరితో మాట్లాడారో పేరు రాసుకోండి. రాత్రి డ్యూటీ మనిషి చెప్పింది పగటి డ్యూటీ మనిషికి తెలియకపోవచ్చు, రైలు దిగి అలసిపోయి ఉన్నప్పుడు ఆ వాదన పెట్టుకునే ఓపిక ఉండదు.

మాట కుదిరాక రాతలో తీసుకోవలసినవి

తేదీ, వేళలు, పన్నులతో కలిపి మొత్తం ఎంత, ఎంతమందికి, రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుందా, ఇవి అయిదూ ఒక మెసేజ్‌లోనో, ఈమెయిల్‌లోనో ఉండాలి. దీంతోపాటు గుర్తింపు కార్డుల సంగతి ముందే కనుక్కోండి. కొన్ని గంటలకే ఉన్నా చాలా దేశాల్లో హోటల్‌వాళ్లు గదిలో ఉండే ప్రతి ఒక్కరి వివరాలూ నమోదు చేయాలి. విదేశీయులైతే పాస్‌పోర్టు చూపాలి. అదే ఊరి చిరునామా ఉన్న కార్డుతో గది ఇవ్వని హోటళ్లు కొన్ని ఉన్నాయి. ఆ ఊళ్లోనే ఉంటూ, రైలుకు ముందు విశ్రాంతి కోసం స్టేషన్ దగ్గర గది అడిగేవారు వీటి దగ్గర ఇబ్బంది పడతారు కాబట్టి, ఈ విషయం కూడా ఫోన్‌లోనే తేల్చుకోవాలి.

కార్డుతో చెల్లించేవారి నుంచి కొన్ని హోటళ్లు గది అద్దెకు పైన కొంత సొమ్మును డిపాజిట్‌గా నిలిపి ఉంచుతాయి. ఖాళీ చేశాక అది విడుదలవుతుంది గాని, బ్యాంకును బట్టి కొన్ని రోజులు పట్టవచ్చు. ప్రయాణంలో చేతిలో ఉన్నది ఒక్కటే కార్డు, దానిలో కొద్దిపాటి సొమ్ము అయితే ఈ డిపాజిట్ చికాకు పెడుతుంది.

ఆలస్యానికి చోటు వదలండి

రాత్రి రైళ్లు ఆలస్యమవుతాయి. సరుకు రైళ్లు అడ్డు రావడం, రాత్రిపూటే పట్టాల మరమ్మతులు పెట్టుకోవడం ఇందుకు మామూలు కారణాలు. గంటల లెక్కన గది తీసుకునేవారు పట్టికలో ఉన్న వేళకు కనీసం ఒక గంట కలిపి బుకింగు మొదలుపెట్టాలి. రైలు సకాలంలో చేరితే ఆ గంట స్టేషన్‌లో అల్పాహారానికి సరిపోతుంది. డబ్బు తిరిగి రాని ధర చవకగా కనిపించినా, ఉదయం దిగేవారు దానికి లొంగకపోవడం మేలు. సాయంత్రపు గదికి మాత్రం చవక ధర తీసుకోవచ్చు, ఎందుకంటే అప్పటికి మీరు ఊళ్లోనే ఉంటారు.

దారిలో రైలు ఆలస్యమని తెలియగానే హోటల్‌కు మెసేజ్ పెట్టండి. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేయనక్కర్లేదు, మెసేజ్ చాలు, దానిమీద వేళ ఉంటుంది.

గది దొరకకపోతే

మొదట స్టేషన్‌లోనే చూడండి. భారత రైల్వే స్టేషన్లలో చాలావాటికి రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నాయి. కన్ఫర్మ్ అయిన టికెట్టు లేదా ఆర్‌ఏసీ టికెట్టు పీఎన్‌ఆర్ నంబరుతో వాటిని ఐఆర్‌సీటీసీ ద్వారా ముందే బుక్ చేసుకోవచ్చు. ఎక్కే స్టేషన్‌లోనైనా దిగే స్టేషన్‌లోనైనా తీసుకునే వీలు ఉండటం రాత్రి ప్రయాణికులకు కలిసివచ్చే విషయం. ఇవి త్వరగా అయిపోతాయి కాబట్టి రైలు టికెట్టు ఖాయం కాగానే చూసుకోవాలి.

జపాన్‌లో క్యాప్సూల్ హోటళ్లు మరో దారి. వీటిలో మొదటిది 1979లో ఒసాకాలో తెరిచారు, దాని రూపకర్త కిషో కురోకావా. మనిషి పడుకునేంత అర, ఉమ్మడి స్నానాలగది, సామానుకు లాకరు ఉంటాయి. వీటిలో కొన్ని పగటిపూట గంటల లెక్కన కూడా ఇస్తాయి. మూసి ఉన్న చోటు అంటే భయపడేవారికి ఇవి పనికిరావు, పెద్ద పెట్టెలు కూడా అరలో పట్టవు.

స్నానం ఒక్కటే కావలసినవారికి దారులు ఎక్కువ. కొన్ని పెద్ద స్టేషన్లలో డబ్బు తీసుకుని స్నానపు గది, తువ్వాలు ఇస్తారు. కొన్ని రైళ్లలోనే స్నానం చేయవచ్చు. జపాన్‌లోని సన్‌రైజ్ సెటో, సన్‌రైజ్ ఇజుమో రైళ్లలో కొనుక్కునే షవర్ కార్డుకు ఆరు నిమిషాల వేడినీళ్లు వస్తాయి, ఆపుతూ వాడుకుంటే అది సరిపోతుంది. ఆ కార్డులు పరిమితంగా ఉంటాయి కనుక ఎక్కగానే కొనాలి. రాత్రి రైళ్లలో పడక గది టికెట్టు కొన్నవారికి స్టేషన్‌లోని లాంజ్ ప్రవేశం కలిసి ఉందేమో టికెట్టు నిబంధనల్లో చూడండి. చాలామంది తమ టికెట్టుతో వచ్చిన ఈ సౌకర్యాన్ని చూడకుండానే బయట డబ్బు ఖర్చు పెడతారు.

ప్రయాణికులకు పగటిపూట మాత్రమే వసతి ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇటలీ నగరాల్లో పూర్వం పగటి హోటళ్లు ఉండేవి. మిలాన్‌లో పోర్తా వెనెత్సియా దగ్గర భూగర్భంలో 1926లో తెరిచినది వాటిలో పేరుపొందింది. స్నానపు గదులు, క్షురశాల వంటివన్నీ ఒకేచోట ఉండేవి, పడకలు మాత్రం ఉండేవి కావు. ఇప్పటి స్టేషన్ లాంజ్‌లు దాదాపు అదే పనిని ఎక్కువ ధరకు చేస్తున్నాయి.

సామాను సంగతి దీనితో ముడిపడి ఉంది. గది లేనివారు లాకర్‌లోనో, క్లోక్‌రూమ్‌లోనో పెట్టాలి. భారత స్టేషన్ల క్లోక్‌రూముల్లో తాళం వేయని సంచులను తీసుకోరు, కాబట్టి చిన్న తాళం వెంట ఉంచుకోండి. జపాన్‌లో చాలా కాయిన్ లాకర్లు తేదీ మారితే ఇంకో రోజు అద్దె లెక్కిస్తాయి. అర్ధరాత్రి దాటాక రైలు ఎక్కేవారు ఇది గమనించాలి.

గదిలోకి వెళ్లాక

తాళం ఇచ్చేటప్పుడే రోడ్డు వైపు కాని గది అడగండి, లిఫ్టు పక్కది వద్దనండి. లోపలికి వెళ్లగానే మొదట చూడవలసింది కర్టెన్లు. పూర్తిగా మూసినా మధ్యలో వెలుతురు చీలిక మిగులుతుంటే, అలమారలోని క్లిప్పుల హ్యాంగరుతో రెండు అంచులనూ కలిపి బిగించండి. తరువాత వేడినీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. చిన్న హోటళ్లలో వేడినీళ్లు కొన్ని గంటలే వదులుతారు, పడుకుని లేచాక అడిగితే అయిపోయాయంటారు. అలాంటిచోట ముందు స్నానం, తరువాత నిద్ర.

తలుపుకు డోంట్ డిస్టర్బ్ బోర్డు తగిలించడంతోపాటు రిసెప్షన్‌కు ఫోన్ చేసి ఫలానా గంట వరకు ఎవరినీ పంపవద్దని చెప్పాలి. పగటిపూట హౌస్‌కీపింగ్ వాళ్లు గదుల మధ్య తిరుగుతూనే ఉంటారు. పైగా కొన్ని గంటలకే ఇచ్చిన గది వాళ్ల జాబితాలో శుభ్రం చేయవలసిన గదిగా కనిపించవచ్చు.

ఎంతసేపు పడుకోవాలన్నది ఆ రాత్రి ఎక్కడ నిద్రపోతారన్న దాని మీద ఉంటుంది. ఉదయం దిగి, రాత్రికి మంచం మీద పడుకోబోయేవారు గంటన్నరతో ఆపాలి, లేకపోతే రాత్రి నిద్ర పట్టదు. ఆ రాత్రి మళ్లీ రైలు ఎక్కేవారు ఎంత వీలైతే అంత పడుకోవచ్చు. మధ్యాహ్నం 1 నుంచి 3 గంటల మధ్య శరీరం సహజంగానే మందగిస్తుంది కనుక, సాయంత్రపు రైలు వాళ్లు ఆ వేళను నిద్రకు కేటాయించుకుంటే సులువుగా పడుతుంది. గాఢనిద్ర మధ్యలో లేచినవారికి పదిహేను నిమిషాల నుంచి అరగంట వరకు మత్తు వదలదు. అందుకే అలారం గది ఖాళీ చేసే వేళకు కాక, దానికి ముప్పావు గంట ముందుకు పెట్టుకోవాలి. ఒక అలారం ఫోన్‌లో పెట్టి, ఇంకొకటి రిసెప్షన్ నుంచి మేలుకొలుపు ఫోన్‌గా అడగండి. ఫోన్ చార్జింగ్‌లో పెట్టేటప్పుడు, తాళం కార్డు గుచ్చితే గాని కరెంటు రాని గదుల్లో, కార్డు తీసేస్తే చార్జింగ్ ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి.

గది వదిలేటప్పుడు

రైలు వేళకు ఎంత ముందు బయలుదేరాలో గది తీసుకునేటప్పుడే రిసెప్షన్‌లో అడగండి. మధ్యాహ్నం పదినిమిషాల్లో వచ్చిన దారి సాయంత్రం రద్దీలో అరగంట పట్టవచ్చు. స్లీపర్ రైళ్లలో కొన్ని బయలుదేరే వేళకు చాలా ముందే ప్లాట్‌ఫాం మీద ఉంటాయి, ప్రయాణికులను ఎక్కనిస్తాయి. అలాంటి రైలైతే గదికి అదనపు గంటల డబ్బు కట్టే బదులు బెర్తు మీదికే వెళ్లి కూర్చోవచ్చు. చెక్-అవుట్‌కు పదిహేను నిమిషాలు ముందుగా దిగండి, సాయంత్రం 6 గంటల ప్రాంతంలో కొత్తగా దిగేవారి వరుస రిసెప్షన్ దగ్గర ఉంటుంది. బిల్లులో ఒప్పుకున్న మొత్తమే ఉందో లేదో అక్కడే నిలబడి చూడండి. డిపాజిట్ విడుదల చేసినట్టు రసీదు తీసుకుని, చార్జరు, స్నానాలగదిలో ఆరవేసిన బట్టలు సంచిలో ఉన్నాయో లేదో చూసుకుని బయలుదేరండి.